స్కేల్ త్రీ దగ్గర ఆగిపోకుండా పైకి వెళ్లాలంటే

ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో పీవోలుగా (ప్రొబేషనరీ ఆఫీసర్లుగా) చేరే ఆడవాళ్లకు కొదవ లేదు, స్కేల్ త్రీ, అంటే సీనియర్ మేనేజర్ దాకా కూడా పర్వాలేదు. ఆ పైన చీఫ్ మేనేజర్, ఏజీఎం, డీజీఎం, జీఎం అని వెళ్లేకొద్దీ రివ్యూ మీటింగ్‌లో ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎస్‌బీఐ 1955లో ఏర్పడింది. దానికి మొదటి మహిళా చైర్‌పర్సన్‌గా అరుంధతీ భట్టాచార్య వచ్చింది 2013లో, అదీ 1977లో పీవోగా చేరిన మనిషి.

చాలామంది ప్రమోషన్ ఇంటర్వ్యూ దాకా కూడా వెళ్లరు. సర్క్యులర్ వచ్చిన వారంలోనే ఇంట్లో ‘పిల్లాడి టెన్త్ అయ్యాక చూద్దాంలే’ అనే మాటతో ఆగిపోతారు. టెన్త్ అయ్యాక ఇంటర్ ఉంటుంది, ఆ తర్వాత అత్తగారి మోకాళ్ల ఆపరేషన్ ఉంటుంది.

అందుకే ఆ మాట రెండేళ్ల ముందే తేల్చుకోండి. ప్రమోషన్‌తో ట్రాన్స్‌ఫర్ వస్తుంది, వేరే రాష్ట్రం కూడా కావచ్చు. పిల్లల దగ్గర ఎవరుంటారు, వంటకు ఎవరు, రెండు ఇళ్ల అద్దె ఎంత అని మీవారితో కూర్చుని కాగితం మీద రాసుకోండి (ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయితే ఇల్లంతా సర్దుకుంటుంది కదా, మీకూ అదే లెక్క). మహిళా ఉద్యోగులను వీలైనంతవరకు భర్త ఉన్న ఊళ్లో గానీ దగ్గర్లో గానీ వేయమని 2014లో కేంద్ర ఆర్థిక శాఖ బ్యాంకులకు చెప్పింది. గ్యారంటీ ఏమీ లేదు గానీ, దాన్ని ప్రస్తావిస్తూ రిక్వెస్ట్ రాతపూర్వకంగా పెట్టండి. ఇంకోటి, వచ్చిన ప్రమోషన్ వద్దంటే చాలా బ్యాంకుల్లో కొంతకాలం మళ్లీ అప్లై చేయనివ్వరు. ఎంతకాలమో మీ బ్యాంకు ప్రమోషన్ పాలసీలో ముందే చూసుకోండి.

రెండో అడ్డం మంచితనం వేషంలో వస్తుంది. ‘రికవరీ గొడవలు నీకెందుకమ్మా, హెచ్‌ఆర్‌లో కూర్చో, అయిదున్నరకల్లా ఇంటికెళ్లొచ్చు’ అనే పెద్దమనిషి ప్రతి జోనల్ ఆఫీసులో ఒకాయన ఉంటాడు. ఒప్పుకున్నారా, పదేళ్ల తర్వాత ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నప్పుడు చెప్పుకోవడానికి బ్రాంచ్ నడిపిన అనుభవం ఉండదు, లోన్ శాంక్షన్ చేసిన అనుభవం ఉండదు. పైకి తీసుకెళ్లేవి ఆ రెండే. బ్రాంచ్ హెడ్ గానీ క్రెడిట్ (అప్పులిచ్చే విభాగం) గానీ కావాలని నోటితో కాదు, మెయిల్‌లో అడగండి. స్టాక్ ఇన్‌స్పెక్షన్‌కి (అప్పుకు హామీగా ఉన్న సరుకు తనిఖీకి) గోడౌన్‌కి మీరే వెళ్లండి, బస్తాలు లెక్కపెట్టండి, మొండి బాకీదారు ఇంటి గుమ్మం మీరే ఎక్కండి.

అప్రైజల్‌లో ‘టీమ్‌తో కలిసి కృషి చేశాను’ అని రాస్తే మార్కులు పడవు. ఎన్ని ఎన్‌పీఏ (మొండి బాకీ) ఖాతాలు వసూలు చేశారు, డిపాజిట్లు ఎంత నుంచి ఎంతకి తెచ్చారు, అంకెలు రాయండి. ప్రసూతి సెలవులో ఉన్న ఏడాదికి టార్గెట్ పూర్తిగా ఉంచేస్తారు కొందరు, పనిచేసిన నెలలకే లెక్కకట్టమని సెలవులోకి వెళ్లేముందే మెయిల్ పెట్టండి.

మానేద్దాం అనిపించేంత కష్టం వస్తే రాజీనామాకి ముందు సబాటికల్ (ఉద్యోగం వదలకుండా తీసుకునే దీర్ఘకాల సెలవు) రూల్స్ చదవండి. ఎస్‌బీఐలో ఆడవాళ్లకు రెండేళ్ల దాకా ఇచ్చే పద్ధతి పెట్టారు. సీనియారిటీ ఏమవుతుందో మాత్రం అడిగి తెలుసుకోండి.

ఇక ఇంటర్వ్యూ. ‘దూరం వేస్తే మీవారు ఒప్పుకుంటారా?’ అని అడగడం ఇప్పటికీ మానలేదు, పక్క కుర్చీలో మగవాణ్ని ఆ ప్రశ్న అడగరు. కోపం వస్తుంది, రావాల్సిందే. ఇంటి కథ మొదలుపెట్టకుండా ‘ఎక్కడ వేసినా చేరతాను సార్, ఇంట్లో మాట్లాడుకునే అప్లై చేశాను’ అని ఒక్క ముక్కలో ముగించి, ఊపిరి తీసుకోకుండా మీ బ్రాంచ్ క్రెడిట్ పోర్ట్‌ఫోలియోలోకి దిగిపోండి.