ఆగితే తగులుతుంది, కదిలితే తగలదు: ఆర్‌సీ ట్యాంకుల్లో ఐఆర్ తిప్పలు

రిమోట్‌తో నడిచే బొమ్మ ట్యాంకుల (ఆర్‌సీ ట్యాంకుల) ఆటలో పేల్చినప్పుడు గొట్టంలోని ఎల్‌ఈడీ కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్) కాంతితో ఒక కోడ్ పంపుతుంది, ఎదుటి ట్యాంకు సెన్సర్ దాన్ని పట్టుకుంటే బోర్డు దెబ్బగా లెక్కపెడుతుంది. ట్యాంకులో ఈ ఐఆర్ వ్యవస్థను కదిపాక దెబ్బలు తగలకపోతే చాలామంది మొదట చేసే పని కొత్త సెన్సర్ తెప్పించడం. పాతది పాపం నిక్షేపంలా ఉంటుంది. కాబట్టి ఏదైనా కొనే ముందు కింది పరీక్షలు చేయండి. వైర్లు విప్పడం, సోల్డరింగ్ చేయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: పేల్చినా ఎదుటి ట్యాంకులో ఉలుకూ పలుకూ లేదు

ఫోన్ కెమెరాని గొట్టం మూతికి ఎదురుగా పెట్టి పేల్చండి. ఎల్‌ఈడీ వెలిగితే తెరమీద ఊదారంగు మెరుపు కనిపిస్తుంది. కొన్ని ఫోన్ల వెనక కెమెరాలో ఐఆర్‌ని ఆపే ఫిల్టర్ ఉంటుంది, అప్పుడు సెల్ఫీ కెమెరాతో చూడండి. ఆ కెమెరాకి ఐఆర్ కనిపిస్తుందో లేదో ముందే టీవీ రిమోట్‌తో తేల్చుకోవాలి. మెరుపు లేదంటే ఎల్‌ఈడీ కాళ్లు తారుమారై ఉంటాయి, లేదా రీకాయిల్‌కి (పేల్చినప్పుడు గొట్టం వెనక్కి తన్నే కదలికకి) ముందుకూ వెనక్కూ ఆడే చోట వైరు లోపల తెగి ఉంటుంది.

మెరుపు ఉంది, దెబ్బ లేదు అంటే కోడ్ చూడండి. ట్యాంకులు చేసే కంపెనీల్లో తమియా కోడ్ వేరు, హెంగ్ లాంగ్ కోడ్ వేరు. ఒకదాని భాష ఇంకొకదానికి రాదు. మీ బోర్డుకి రెండూ వస్తే సెట్టింగ్ మారిస్తే చాలు. ఇది చూడకుండా టరెట్ (గొట్టం బిగించి ఉండే, తిరిగే పై భాగం) మొత్తం ఊడదీసుకుని కూర్చున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

సమస్య: సెన్సర్ మార్చాక ఒక్క దెబ్బా తగలదు

కాళ్ల వరుస చూడలేదు, అంతే. టీఎస్‌ఓపీ 1738 అనే సెన్సర్ మోడల్‌లో వరుస గ్రౌండ్, సప్లై, అవుట్. టీఎస్‌ఓపీ 4838లో అవుట్, గ్రౌండ్, సప్లై. రెండూ 38 కిలోహెర్ట్జ్‌వే (సెకనుకు 38 వేల సార్లు మినుకుమనే ఐఆర్‌ని పట్టుకునేవే) కదా అని పాతదాని చోట కొత్తది అలాగే అతికిస్తే పని చేయదు. సరిగ్గా పెట్టాక అవుట్ కాలి మీద మీటర్ ఉంచి టీవీ రిమోట్ నొక్కండి. సప్లై వోల్టేజ్‌కి దాదాపు సమానంగా నిలిచి ఉన్న వోల్టేజ్ కొంచెం కిందికి ఊగితే సెన్సర్ బాగున్నట్టే.

సమస్య: ఆగి ఉన్నప్పుడు తగిలే దెబ్బ కదిలేటప్పుడు తగలదు

నెలన్నర పాటు నన్ను తిప్పలు పెట్టింది ఇదే. ప్లాస్టిక్ గేర్‌బాక్స్ తీసి మెటల్‌ది వేశాను, బలమైన మోటార్లు పెట్టాను, టరెట్ తిరగడానికి వీలుగా సెన్సర్ వైర్లు పొడుగు చేశాను. బల్ల మీద పరీక్షిస్తే ప్రతి దెబ్బా లెక్కకొచ్చింది. ఆటలోకి దిగితే మాత్రం నా ట్యాంకు చావదు. ఎదురుగా ఆడేవాడు "ఏం బ్రదర్, బోర్డులో ఏదో మాయ చేశావు కదా" అని అననే అన్నాడు. మూడు సెన్సర్లు మార్చాను, బోర్డూ మార్చాను. తల ప్రాణం తోకకొచ్చింది, ట్యాంకు తీరు మాత్రం మారలేదు.

తప్పు సెన్సర్‌ది కాదు, దానికి అందే కరెంటుది. సెన్సర్ లోపల బలహీనమైన సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్ ఉంటుంది. గోల ఎక్కువైతే తన సున్నితత్వాన్ని తానే తగ్గించుకునే ఏర్పాటూ ఉంటుంది. మోటార్లు తిరిగేటప్పుడు బ్రష్‌ల దగ్గర రేగే నిప్పురవ్వలు, వేగాన్ని నియంత్రించే పల్సులు కలిసి సప్లై లైన్‌ని కుదిపేస్తాయి. పొడుగు చేసిన వైర్లు ఆ గోలని యాంటెన్నాలా పట్టుకుంటాయి. ఆ రొదలో అసలు కోడ్ వినపడదు, వినపడినా ముక్కలై బోర్డుకి చేరుతుంది. ముక్కల కోడ్‌ని బోర్డు దెబ్బగా లెక్కపెట్టదు. మీటర్ పెడితే 5 వోల్టులు కదలకుండా చూపిస్తుంది, నేను మోసపోయింది అక్కడే. మీటర్ చూపేది సగటు. ఆ వేగం కుదుపులు కనిపించాలంటే ఆసిలోస్కోప్ (వోల్టేజ్ మార్పుల్ని తెరమీద గీతగా చూపే పరికరం) కావాలి.

స్కోప్ లేకుండానూ తేల్చుకోవచ్చు. ట్యాంకుని ఏదైనా పెట్టె మీద ఎత్తి, ట్రాక్‌లు గాల్లో తిరిగేలా ఉంచండి. ఒకరు త్రాటిల్ పట్టుకోవాలి, ఇంకొకరు పేల్చాలి. మోటార్లు ఆగితే తగిలి, తిరిగితే తగలకపోతే సెన్సర్ పాజిటివ్ వైరుని బోర్డు నుంచి విప్పేయండి. గ్రౌండ్ కలిపే ఉంచి, పాజిటివ్‌కి మూడు పెన్సిల్ సెల్స్‌తో 4.5 వోల్టులు ఇవ్వండి. బోర్డు మామూలుగా 3.3 వోల్టులు ఇచ్చేదైతే రెండు సెల్స్ చాలు. ఇప్పుడు మోటార్లు తిరుగుతున్నా దెబ్బలు తగిలాయా? దొంగ సప్లైలోనే ఉన్నాడు.

పరిష్కారానికి అయ్యే ఖర్చు చూస్తే నవ్వొస్తుంది. పాజిటివ్ వైరులో వరుసగా 100 ఓంల రెసిస్టర్, దాని తర్వాత సెన్సర్ పాజిటివ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 4.7 నుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. సెన్సర్ వాడేది మిల్లీఆంప్ చుట్టుపక్కలే కాబట్టి రెసిస్టర్ దగ్గర పోయే వోల్టేజ్ 0.1 దగ్గరే ఉంటుంది. అయితే ఈ కెపాసిటర్ సెన్సర్ కాళ్ల దగ్గరే ఉండాలి. వీలుగా ఉందని బోర్డు వైపు పెడితే మధ్యలోని పొడుగు వైరు మళ్లీ గోలని పట్టుకుంటుంది, మీరు మళ్లీ మొదటికొస్తారు. నేనూ మొదట అక్కడే పెట్టాను.

దాంతోపాటు ఒక్కో మోటారుకి మూడేసి 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు వేయండి: రెండు టెర్మినల్స్ మధ్య ఒకటి, ఒక్కో టెర్మినల్ నుంచి మోటారు ఒంటికి ఒక్కోటి. సెన్సర్ వైర్లని మెలితిప్పి, మోటారు వైర్లకి దూరంగా పోనివ్వండి. గ్రౌండ్‌ని దగ్గర్లో ఉందని మోటారు నెగటివ్ నుంచి తీసుకోవద్దు, బోర్డు మీద ఐఆర్ కనెక్టర్ నుంచే తీసుకోండి.

సమస్య: గురి పక్కకున్నా దెబ్బ తగులుతుంది

గొట్టంలో ఎల్‌ఈడీ చుట్టూ నల్ల టేపో, నల్ల ప్లాస్టిక్ గొట్టమో వేసి వెలుతురు ఆగిందనుకుంటారు. కంటికి నల్లగా కనిపించే ప్లాస్టిక్‌లు కొన్ని ఐఆర్‌ని హాయిగా దాటనిస్తాయి. చీకట్లో అదే ఫోన్ కెమెరాతో పక్కనుంచి చూడండి, కారుతుంటే తెలిసిపోతుంది. ఎల్‌ఈడీ మీద ఇత్తడి గొట్టం ముక్క తొడిగితే సరి, కాళ్లు దానికి తగలకుండా చూసుకోండి. ఎల్‌ఈడీ రెసిస్టర్ తగ్గించి పవర్ పెంచినవాళ్లకి గోడల మీద పడి తిరిగొచ్చే కాంతి తలనొప్పి కూడా ఉంటుంది. ముందున్న విలువే మళ్లీ పెట్టేయండి.

ఎండలో దూరం తగ్గితే అది రిపేరు కాదు, ఎండ. నీడలో ఆడండి. ట్యూబ్‌లైట్ కింద మాత్రమే మొరాయిస్తే లైటు ఆర్పి చూడండి. సెన్సర్ గుండు మీద పెయింట్ పడి ఉంటే గీకేయండి.