గడ్డి ఒక పక్క పొట్టిగా, ఇంకో పక్క పొడుగ్గా తెగుతుంటే
మా పాత రైడింగ్ మోవర్ (మీద కూర్చుని నడిపే గడ్డి కోసే బండి) లాన్‌లో చారలు వదిలేస్తుంటే బ్లేడ్లు మొద్దుబారాయనుకున్నాను, తీరా చూస్తే డెక్ (బ్లేడ్లను కప్పి ఉంచే కింది రేకు పెట్టె) ఒక పక్కకి ఒరిగింది. టైర్లలో గాలి మాన్యువల్లో చెప్పినంత పట్టించి, బండిని చదునైన కాంక్రీటు మీద ఆపి, తాళంచెవి బయటికి తీసేసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయండి (ఇది మాత్రం మానొద్దు, చేతులు బ్లేడు దగ్గరే ఉంటాయి). లివర్‌ను మీరు రోజూ కోసే ఎత్తులో పెట్టి, మందపాటి గ్లవ్స్ వేసుకుని బ్లేడ్లను అడ్డంగా తిప్పి, ఎడమ చివర నుంచి, కుడి చివర నుంచి నేల దాకా టేపుతో కొలవండి. తేడా అంగుళంలో ఎనిమిదో వంతు దాటితే, డెక్‌ను ఎత్తి పట్టే లింకు నట్టును కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ మళ్లీ కొలుస్తూ సమం చేయాలి. తర్వాత బ్లేడు కొనలు బండి ముందుకీ వెనక్కీ ఉండేలా తిప్పి చూస్తే ముందు కొన వెనక కొన కంటే సుమారు పావు అంగుళం కిందికి ఉండాలి, కచ్చితమైన కొలత మీ మాన్యువల్లో ఉంటుంది. నాకు అరగంట పట్టింది, మెకానిక్ ఖర్చు తప్పింది.

బ్లేడు వంగి ఉన్నా, స్పిండిల్ (బ్లేడు తిరిగే ఇరుసు) బేరింగ్ అరిగి ఊగుతున్నా ఇది పనిచేయదు. బ్లేడును సగం తిప్పి, రెండో కొనను అదే చోట కొలిచినప్పుడు అంకె మారితే ముందు ఆ రిపేరు చేయించండి.