ఉప్పు మాయమైందా? ఐదో తరగతికి చేసి చూపించే తీరు

నీళ్లలో వేసిన ఉప్పు ఏమైందని అడిగితే మా ఐదో తరగతి పిల్లలు "మాయమైంది టీచర్" అంటారు. ములుగు వైపు పల్లె బళ్లలో ఏళ్ల తరబడి వింటున్న జవాబు ఇదే. అందుకే ఈ పాఠాన్ని నిర్వచనంతో కాకుండా తరాజుతో మొదలుపెడతాను.

కిరాణం కొట్టు నుంచి గ్రాములు చూపే డిజిటల్ కాంటా అడిగి తెచ్చుకోండి. గ్లాసులో 100 మిల్లీలీటర్ల నీళ్లు, కాగితం మీద 10 గ్రాముల ఉప్పు, ఒక చెంచా. అన్నీ కలిపి ఒకేసారి తూచి, ఆ అంకె బోర్డు మీద రాయండి. ఉప్పు నీళ్లలో వేసే ముందు, బరువు తగ్గుతుందా, అంతే ఉంటుందా అని పిల్లలతో చేతులెత్తించండి. ఇది మానొద్దు. ముందే ఒక మాట అన్నవాళ్లే కాంటా వైపు కళ్లార్పకుండా చూస్తారు. ఉప్పు కలిపాక ఖాళీ కాగితం, చెంచాతో సహా మళ్లీ తూచండి. అంకె మారదు.

ఇక్కడ మన తెలుగుతో ఒక చిక్కుంది. ఐసు కరిగింది అంటాం, నెయ్యి కరిగింది అంటాం, ఉప్పు కరిగింది అనీ అంటాం. ఐసుకు, నెయ్యికి వేడి తగిలితే చాలు. ఉప్పుకు నీళ్లు కావాలి. నీటి కణాలు ఉప్పు పలుకును చుట్టుముట్టి, కంటికి ఆననంత చిన్న ముక్కలుగా విడదీసి తమ మధ్య కలుపుకుంటాయి. ఈ తేడా విడమరిచి చెప్పకపోతే ఏడో తరగతికి వెళ్లినా తికమక పోదు.

కరగడం కంటితో చూడాలంటే బెల్లానికి మించింది లేదు. మేడారం జాతరలో మొక్కుగా ఇచ్చే బెల్లాన్ని మనం బంగారం అంటాం కదా, ఆ ప్రసాదం ముక్క ఇంటి నుంచి తెమ్మంటే పిల్లలు సంబరంగా తెస్తారు. ముక్కకు దారం కట్టి, గాజు గ్లాసులో నీళ్ల పైభాగంలో మునిగేలా వేలాడదీయండి. కలపొద్దు, కదపొద్దు. కాసేపట్లో ముక్క నుంచి గోధుమరంగు తీగలు కిందికి జారుతాయి. బెల్లం కలిసిన నీళ్లు బరువెక్కి దిగుతున్నాయన్నమాట. ఇంకో గ్లాసులో అంతే బెల్లం దంచి వేసి కలిపితే తొందరగా కరుగుతుంది, ఎందుకంటే నీళ్లకు అంటుకునే చోటు పెరుగుతుంది.

ఎంత కరుగుతుందన్నది వేరే ప్రశ్న. 100 గ్రాముల మామూలు నీళ్లలో ఉప్పు సుమారు 36 గ్రాములు, చక్కెర సుమారు 200 గ్రాములు కరుగుతాయి. ఆపైన వేసింది అడుగున మిగులుతుంది. ఇక ఏమాత్రం కరిగించుకోలేని ఆ నీళ్లే సంతృప్త ద్రావణం. వేడి చేస్తే చక్కెర ఇంకా చాలా పడుతుంది, ఉప్పు మాత్రం కొద్దిగానే.

పసుపు కూడా కలిపి చూడండి. నీళ్లలో చాలావరకు అడుగుకు దిగుతుంది. మంచినూనెలో వేస్తే దాని రంగు నూనెలోకి దిగుతుంది. పోపు పచ్చగా మెరిసేది అందుకే.

చివరగా రెండు స్టీలు ప్లేట్లు. ఒకదాంట్లో రెండు చెంచాల ఉప్పునీళ్లు, రెండోదాంట్లో ఉత్త బోరు నీళ్లు పోసి, పల్చటి బట్ట కప్పి ఎండలో పెట్టండి. నీళ్లు ఇగిరాక మొదటి ప్లేటులో ఉప్పు పలుకులు తేలతాయి. రెండోదాంట్లో తెల్లటి మరక ఉంటుంది. ఆ మరక ఎక్కడిదో మీరు చెప్పకండి, పిల్లలు అడిగేదాకా ఆగండి.