వీధిలో నీళ్లు నిలిస్తే మున్సిపాలిటీని కదిలించడం ఎలా?

నీళ్లు తగ్గాక ఫిర్యాదు చేస్తే ఎవరూ పట్టించుకోరు. గుమ్మం మెట్టు దాకా నీళ్లున్నప్పుడే ఫొటో తీయండి. చోటు ఏదో తెలిసేలా కరెంటు స్తంభం నంబరు అందులో పడాలి, మా వీధి లైన్‌మన్ చెప్పిన చిట్కా ఇది. వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు అడగండి. "చూస్తాం లెండి" అన్నది రసీదు కాదు.

అసలు మెలిక ఇక్కడుంది. వీధి కాలువలో పూడిక తీయాల్సింది మున్సిపాలిటీ. ఆ నీళ్లు కలిసే పెద్ద మురుగు కాలువలు, అంటే భీమవరం దగ్గరి యనమదుర్రు లాంటి డ్రెయిన్లు మాత్రం జలవనరుల శాఖవి. అక్కడ గుర్రపుడెక్క మొక్కలు అడ్డుపడితే మన కాలువ ఎంత తవ్వినా నీరు ఎగదన్నుతుంది. అందుకే కాలువ చివరిదాకా నడిచి చూసి, ఆ సంగతీ అర్జీలో రాయండి. అయినా కదలకపోతే రసీదు జిరాక్స్‌తో సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్లండి.

తీసిన పూడికను గట్టునే వదలనివ్వకండి, మరో వానకి అదంతా కాలువలోకే.