విశ్రాంత సైనికుడి వీడని జ్వరం: డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రాసుకోవలసినవి

టీవీ వైద్య ధారావాహికల్లో మాజీ సైనికుడికి అంతుచిక్కని జబ్బు చేస్తే డాక్టర్లే అతని ఇల్లంతా గాలించి, గంట తిరగకముందే గుట్టు విప్పుతారు. వరంగల్ ఎంజీఎం ఓపీ వరుసలో నిలబడిన మనకు ఆ వెసులుబాటు లేదు కాబట్టి, అతని ఇంటినీ గతాన్నీ కాగితం మీద పెట్టి డాక్టరుకు అందించే పని కుటుంబమే చేయాలి.

ముందుగా డిశ్చార్జి బుక్కు తీసి, ఏ ఏడాది ఎక్కడ పనిచేశారో వరుసగా రాయండి. "మిలటరీలో చేసిండు" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. 1987-90 మధ్య భారత శాంతి సేనతో శ్రీలంకలో ఉన్నారా, ఈశాన్య అడవుల్లో ఉన్నారా అన్నది తెలియాలి. పాత సంగతులు ఇప్పుడెందుకని వదిలేయకూడదు. తడినేలలో, బురదనీటిలో ఉండే బాక్టీరియా వల్ల వచ్చే మెలియాయిడోసిస్ ఒంట్లో ఏళ్లతరబడి అణిగి ఉండగలదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యానికి బందీగా చిక్కిన ఒకరిలో అది 62 ఏళ్ల తర్వాత బయటపడినట్లు వైద్య పత్రికల్లో నమోదైంది.

అయితే జబ్బు మూలం యుద్ధరంగంలోనే ఉండాలని పట్టుబట్టడం టీవీ కథలకు అలవాటు. రిటైరైన తర్వాత ఆయన పరకాల వైపు వరి సాగు చేస్తూ, నాట్లప్పుడు కాళ్ల పగుళ్లతోనే మడిలో దిగుతుంటే, ఆ బాక్టీరియా అక్కడా సోకవచ్చు. షుగరు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. అందుకే పొలం పని రాయాలి. పశువుల నుంచి, ఎలుకల నుంచి సోకే జ్వరాలూ ఉంటాయి కాబట్టి పచ్చిపాలు తాగే అలవాటు, మేకల ఈతలకు చేయి పెట్టిన సందర్భాలు, ఎలుకల బెడద కూడా రాయాలి. చంకల్లో, గజ్జల్లో, నడుము పట్టీ కింద నొప్పిలేని నల్లటి చెక్కు కట్టిన పుండు ఉందేమో మీరే చూడండి, ఎందుకంటే అది పొదల్లో ఉండే సన్నని పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి గుర్తు కావచ్చు, అడగనిదే మగవాళ్లు చెప్పరు.

జ్వరం కొలతలను వేళలతో సహా రాసి, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రల ఖాళీ పట్టీలు వెంట తీసుకెళ్లండి. యాంటీబయాటిక్ పడిన తర్వాత తీసిన రక్తంలో క్రిమి పెరగకపోవచ్చు కనుక, కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) ఎప్పుడు పంపారో అడిగి తెలుసుకోండి. మెలియాయిడోసిస్ అచ్చం క్షయలా కనిపించగలదు. తెమడలో క్రిమి దొరకకుండానే టీబీ మందులు మొదలుపెట్టి, అవి పనిచేయకపోతే ఈ అనుమానాన్ని డాక్టరు ముందు ఉంచడం తప్పు కాదు.

ఆయాసం, మాట తడబాటు, మూత్రం తగ్గడం కనిపిస్తే ఈ రాతకోతలన్నీ పక్కనపెట్టి వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

మద్యం సంగతి మాత్రం భార్యాపిల్లల ముందు అడగకండి. ఆయనను డాక్టరుతో ఐదు నిమిషాలు ఒంటరిగా వదిలి, మీరు బయట కూర్చోండి.