కౌన్సెలింగ్, స్పెషల్ ఎడ్యుకేషన్ మాస్టర్స్: అమెరికాలో ఎలా వెతకాలి?

ర్యాంకింగులతో మొదలుపెట్టకండి. ఈ రెండు రంగాల్లోనూ డిగ్రీ ఒక్కటే చాలదు, పనిచేయడానికి చాలావరకు రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి. కాబట్టి ముందు ఏ రాష్ట్రంలో స్థిరపడతారో తేల్చుకోండి. కౌన్సెలింగ్‌కు ఆ రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు, స్పెషల్ ఎడ్యుకేషన్‌కు విద్యాశాఖ వెబ్‌సైటు తెరవండి. ఎన్ని క్రెడిట్లు, ఏ కోర్సులు, ఏ పరీక్ష అడుగుతున్నారో కాగితం మీద రాసుకోండి. స్కూల్ కౌన్సెలర్ కావాలనుకుంటే కూడా చూడాల్సింది సాధారణంగా విద్యాశాఖనే.

కౌన్సెలింగ్‌లో కాక్రెప్ (CACREP, కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉంటే సగం చిక్కులు తీరినట్టే. ఆ సంస్థ సైటులో రాష్ట్రం, స్పెషలైజేషన్ వారీగా వెతకొచ్చు. గుర్తింపు స్పెషలైజేషన్‌కు ఇస్తారు కనుక యూనివర్సిటీ పేరు కనిపించగానే ఆగిపోవద్దు, మీ కోర్సు ఆ జాబితాలో ఉందా చూడండి. గుర్తింపు ఉన్న కోర్సులో కనీసం 60 సెమిస్టర్ క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో చేసే తొలి క్షేత్ర శిక్షణ), 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. ప్రాక్టికమ్‌లో 40, ఇంటర్న్‌షిప్‌లో 240 గంటలు క్లయింట్లతో నేరుగా గడపాలి. ఎక్కువమంది దెబ్బతినేది సైకాలజీ ఎంఏ దగ్గర. పేరు దగ్గరగానే ఉంటుంది, కానీ పరిశోధన వైపు మళ్లిన ఎంఏతో కౌన్సెలర్ లైసెన్సు రాదు.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చేవాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. కౌన్సెలర్ లైసెన్సుకు డిగ్రీ తర్వాత చాలా రాష్ట్రాలు సుమారు 3,000 గంటల పర్యవేక్షిత పని అడుగుతాయి. దానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. ఈ కోర్సులు సాధారణంగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కిందికి రావు, అంటే ఓపీటీ (చదువయ్యాక ఆ వీసా మీదే పనిచేసే అనుమతి) 12 నెలలే. పూర్తి లైసెన్సు రాకముందే గడువు అయిపోతుంది. చేరకముందే దీనికి దారి ఆలోచించుకోండి.

స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఒకే డిగ్రీ పేరు కింద రెండు మూడు రకాలుంటాయి: కొత్తగా లైసెన్సు ఇప్పించేవి, ఇప్పటికే టీచర్లైనవాళ్లకు అదనపు అర్హత ఇచ్చేవి, లైసెన్సు ఊసే లేనివి. చివరి రకం చవగ్గా, త్వరగా అయిపోతుంది, అందుకే మోసపోతాం. ఏ వయసు పిల్లలకు, ఏ వైకల్యాలకు ఆ లైసెన్సు పనికొస్తుందో కూడా అడగండి.

ఆన్‌లైన్ కోర్సయితే యూనివర్సిటీ సైటులో 'ప్రొఫెషనల్ లైసెన్సర్ డిస్‌క్లోజర్' (ఆ కోర్సు ఏ రాష్ట్రాల లైసెన్సుకు సరిపోతుందో చెప్పే) పేజీ వెతికి మీ రాష్ట్రం పక్కన ఏం రాశారో చదవండి. తర్వాత కోఆర్డినేటర్‌కు మెయిల్ పెట్టి, ప్రాక్టికమ్ చోటు మీరు చూపిస్తారా, మేమే వెతుక్కోవాలా అని అడగండి. చోటు దొరక్క సెమిస్టర్లు పోగొట్టుకునేవాళ్లున్నారు. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో స్టూడెంట్ టీచింగ్ (బడిలో చేసే బోధనా శిక్షణ) పగటిపూట బడివేళల్లోనే ఉంటుంది. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు ఆ నెలలకు సెలవో పొదుపో ముందే చూసుకోవాలి.

స్పెషల్ ఎడ్యుకేషన్ చదివే పౌరులు, గ్రీన్‌కార్డుదారులు టీచ్ గ్రాంట్ (టీచర్లయ్యేవాళ్లకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం) అడగవచ్చు, ఏడాదికి 4,000 డాలర్ల వరకు వస్తుంది. చదువు ముగిశాక పేదపిల్లలు ఎక్కువగా చదివే బడిలో 8 ఏళ్లలోపు 4 ఏళ్లు పనిచేయకపోతే అది వడ్డీతో సహా అప్పుగా మారుతుంది.