పునాదికి ముందు నేలను పరీక్షించడం ఎలా?

ముందు స్థలమంతా నడిచి చూడండి. పక్క గోడల్లో ఏటవాలు పగుళ్లు, పూడ్చిన బావి లేదా కుంట ఆనవాళ్లు, ఎండకు నెర్రెలిచ్చిన నేల కనిపిస్తే రాసుకోండి. పూడ్చిన నేల ఒక మూల గట్టిగా, ఇంకో మూల మెత్తగా ఉండొచ్చు కాబట్టి ఒక్క బోరుతో (నేల పొరలు చూడటానికి వేసే రంధ్రం) సరిపెట్టకండి.

బోరు లోతు పునాది అడుగు నుంచి కిందికి, దాని వెడల్పుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. సుమారు ప్రతి 1.5 మీటర్లకూ, పొర మారిన చోటా ఎస్‌పీటీ (స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్, నేల గట్టిదనం కొలిచే పరీక్ష) చేయించండి. 63.5 కిలోల సుత్తిని 75 సెం.మీ. ఎత్తు నుంచి వదులుతూ మట్టి నమూనా తీసే గొట్టాన్ని 45 సెం.మీ. దించుతారు. మొదటి 15 సెం.మీ. లెక్కలోకి రాదు, మిగతా 30 సెం.మీ.కు పడిన దెబ్బల సంఖ్యే ఎన్ విలువ; అది ఎక్కువైతే నేల గట్టిదని అర్థం.

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఇసుక నేలలో బోరులోని నీటిమట్టం భూగర్భ జలం కన్నా తగ్గితే అడుగు ఇసుక పైకి ఉబికి వదులవుతుంది, ఎన్ విలువ తక్కువగా వస్తుంది. గొట్టం మూతికి గులకరాయి అడ్డుపడితే లేని బలం కనిపిస్తుంది. పరీక్ష జరిగేటప్పుడు దగ్గరుండి చూడటం చాలా అవసరం.

నీటిమట్టాన్ని తవ్విన వెంటనే కాక, 24 గంటల తర్వాత మళ్లీ కొలవండి. బంకమట్టిలో నీరు నెమ్మదిగా ఊరుతుంది.

నల్లరేగడి అయితే ఉబ్బు పరీక్ష తప్పదు. 10 గ్రాముల చొప్పున రెండు పొడిమట్టి నమూనాలు తీసుకుని, నీటిలో ఒకటి, కిరోసిన్‌లో ఒకటి 24 గంటలు ఉంచి ఘనపరిమాణాలు పోల్చాలి. నీటిలోది కిరోసిన్‌లోదాని కన్నా సగానికి (50 శాతానికి) మించి ఎక్కువైతే మామూలు లోతులేని పునాది వద్దు.